కుబ్లాయ్ ఖాన్‌కు పేరు లేదా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ టీవీ పేజీలో ‘మార్కో పోలో’ సీరియల్ గురించి రాస్తూ, నాయకుడి వేషం వేసిన ఇటలీ కుర్రాడు లోరెంజో రిచెల్మీ పేరు వేశారు, ఫొటో కూడా వేశారు. కుబ్లాయ్ ఖాన్ దగ్గరికి వచ్చేసరికి ‘మంగోల్ రాజుగా మరో నటుడు’ అని సరిపెట్టారు. ఆ మరో నటుడి పేరు బెనెడిక్ట్ వాంగ్. హాంకాంగ్ నుంచి వలస వచ్చిన దంపతులకు ఇంగ్లండులో పుట్టినవాడు. 2014లో మొదలైన ఆ సీరియల్ రెండు సీజన్లతో ఆగిపోయింది. అంతవరకైనా దాన్ని నిలబెట్టింది ఆయనే. దయచేసి ఆ పేరు ప్రచురించండి.

నేను పద్యనాటకాలకు మేకప్ వేసి బతికినవాణ్ణి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో, హనుమంతరాయ గ్రంథాలయంలో ఎందరు దుర్యోధనులకు మీసాలు అతికించానో! రాజు తెర మీదికి రాగానే నా చూపు జుట్టు మీదికే పోతుంది. తైపే మ్యూజియంలో ఉన్న కుబ్లాయ్ చిత్రపటం చూడండి. తెల్లని అంగీ, తెల్లని టోపీ, నిండు బుగ్గలు, పలచని మీసం, చెవుల వెనక చుట్టలుగా మడిచి కట్టిన జడలు. అప్పటి మంగోల్ మగవాళ్లు నడినెత్తి గొరిగించుకుని, నుదుటి మీద కాస్త జుట్టు వదిలేవారు. నాటకంలో గుండు చూపించాలంటే పలచని గుడ్డ టోపీ నెత్తికి బిగించి, దాని అంచును నుదుటి రంగులో కలిపేయాలి. చెమట పట్టిందా, రెండో అంకానికల్లా అంచు లేస్తుంది. అందుకే అందరూ సులువైన దారి పడతారు: బొచ్చు టోపీ, గుబురు గడ్డం, గట్టి కేక. ఖాన్ తయారు!

1956లో హాలీవుడ్ వాళ్లు జాన్ వేన్‌కు మీసం పెట్టి చెంగిజ్ ఖాన్‌ను చేశారు. అది సినిమా సంగతి, వదిలేద్దాం. టీవీలో 1982లోనే ఇంకో ‘మార్కో పోలో’ వచ్చింది. అందులో కుబ్లాయ్‌గా వేసిన యింగ్ రువోచెంగ్ బీజింగ్ రంగస్థల నటుడు. తర్వాత చైనా సాంస్కృతిక శాఖకు ఉపమంత్రి కూడా అయ్యారు. నాటకాలవాళ్లం కనక ఈ మాట కాస్త గర్వంగానే చెప్పుకుంటాం.

వాంగ్‌లో నాకు నచ్చింది కూర్చునే తీరు. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఖాన్ వింటాడు. వీణ్ణి ఉంచాలా, చంపాలా అన్న లెక్క ఆ కళ్లలో నడుస్తుంటుంది. 1260లో సొంత తమ్ముడు అరిక్ బోకే పోటీ ఖాన్‌గా నిలిస్తే నాలుగేళ్లు పోరాడి లొంగదీసుకున్నవాడు, 1279కి చైనా మొత్తాన్ని చేతిలోకి తెచ్చుకున్నవాడు ఊరికే అరుస్తాడా?

మా మనవరాలి పుణ్యమా అని కొరియా సీరియల్ ‘ఎంప్రెస్ కీ’ కూడా చూశాను. అందులో జీ చాంగ్ ఉక్ వేసిన తోఘోన్ తెమూర్, చైనాను ఏలిన చివరి మంగోల్ చక్రవర్తి, పూర్తిగా వేరే రకం రాజు. 1333లో పసితనం వదలకుండానే గద్దెనెక్కి, 1368లో చైనాలో కొత్తగా లేచిన మింగ్ వంశం సైన్యం వస్తుంటే రాజధాని వదిలి ఉత్తరానికి పారిపోయినవాడు. ఆ బెదురునూ, అనుమానాన్నీ ఆ కుర్రాడు బాగా పట్టుకున్నాడు. ఆ కథలో కొరియా రాజు మాత్రం కల్పితం. నిజం రాజును పెడతామంటే గొడవ జరిగి మార్చారట. అసలు రాజుకు లేని గొప్పలు అంటగట్టడం కంటే అదే నయం.

ఇక మన సంగతి. కుబ్లాయ్ అక్కడ ఏలుతున్న కాలంలోనే ఇక్కడ రుద్రమదేవి ఏలింది. మార్కో పోలో తన పుస్తకంలో మోటుపల్లి రాజ్యాన్నీ, వజ్రాలనూ, సాలెగూడంత సన్నని బట్టలనూ, న్యాయం తప్పని రాణినీ వర్ణించాడు. ఆ మోటుపల్లి 1970 దాకా మన గుంటూరు జిల్లాలోదే. ఇంత కథ ముంగిట్లో ఉండగా మన టీవీవాళ్లకు అత్తాకోడళ్లు తప్ప ఏమీ కనబడరు. రేపు ఎవరైనా పూనుకుని తీస్తే సంతోషమే. కుబ్లాయ్ వేషానికి మాత్రం గుబురు గడ్డం పెట్టకండి.

ఇట్లు,
ఒక పాత మేకప్ కళాకారుడు,
సత్యనారాయణపురం, విజయవాడ