వంపు పరీక్ష బడిలో, నరాల మానిటర్ ఆపరేషన్ గదిలో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నేను రాజాంలో ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలర్‌ని. వెన్నెముక పక్కకి వంగిపోయే జబ్బుని డాక్టర్లు స్కోలియోసిస్ అంటారు. చాలా దేశాల్లో జూన్ నెలంతా దాని గురించి జనానికి చెప్తారు. మనకి బళ్లు తెరిచేదీ, యూనిఫాం గుడ్డలు కొలతలకి వచ్చేదీ ఈ నెలలోనే. మా చిన్నపాపకి కిందటేడు ఈ జబ్బుకి విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. దాని మీద మన జిల్లా అధికారులకి ఒక విన్నపం ఉంది. పిల్లకి ఆపరేషన్ అని విని టెన్షన్‌తో కూర్చున్న తల్లిదండ్రులకీ కొన్ని మాటలు చెప్పాలి.

పాప ఏడో తరగతిలో ఉండగా లంగా ఓణీ కోసం కొలతలు తీశాను. జాకెట్టు వెనక భాగం కుడిపక్క ఎడమకంటే ముప్పావు ఇంచీ ఎక్కువ కావలసి వచ్చింది. టేపు మళ్లీ పెట్టినా అదే కొలత. ముందుకి వంగమంటే కుడి రెక్క ఎముక దగ్గర వీపు ఉబ్బెత్తుగా లేచింది. నొప్పి లేదు. ఖోఖోలో అందరికంటే ముందుండేది. దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే పడుకోబెట్టి ఎక్స్‌రే తీసి, బడి సంచీ బరువు వల్ల వచ్చిందనీ, కమ్మీ పట్టుకుని వేలాడితే సర్దుకుంటుందనీ చెప్పారు. పాప రోజూ బుద్ధిగా వేలాడింది. ఎదిగే వయసు కదా, ఏడాది తిరిగేసరికి ఏ బట్ట వేసినా ఒక భుజం మీంచి జారిపోవడం మొదలైంది.

విశాఖలో వెన్నెముక సర్జన్ గారు పాపని నిలబెట్టి, మెడ నుంచి తుంటి దాకా ఒకే ఫిల్ములో ఎక్స్‌రే తీయించారు. పడుకుంటే వంపు తక్కువగా కనిపిస్తుందట. ఎదిగే ఆడపిల్ల కాబట్టి రొమ్ములకి రేడియేషన్ తగ్గేలా కిరణాలు వీపు వైపు నుంచి పడేట్టు నిలబెట్టారు. ఆ ఫిల్ము మీద గీతలు గీసి కొలిచేదాన్ని కాబ్ కోణం అంటారు. జాన్ కాబ్ అనే అమెరికా డాక్టరు 1948లో చెప్పిన కొలత, ఇప్పటికీ ప్రపంచమంతా అదే వాడుతున్నారు. 10 డిగ్రీలు దాటితే స్కోలియోసిస్ కింద లెక్క. మా పాపకి 53 వచ్చింది.

కొలతలతో బతికేదాన్ని, ఆ అంకె వెనక ఉన్నదంతా అడిగి తెలుసుకున్నాను. 10 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ వంపు ఉంటుంది. ఎక్కువమందికి అది చిన్నదే, అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు. ముదిరేది ఎక్కువగా ఆడపిల్లలకే. కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. బడి సంచీ వల్లనో, వంగి కూర్చోవడం వల్లనో, తల్లి కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూడడం వల్లనో వచ్చేది మాత్రం కాదు. ఎదుగుదల ఇంకా మిగిలి ఉండి, వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే వంపు ఇంకా పెరగకుండా నడుముకి బ్రేస్ అనే గట్టి తొడుగు వేస్తారు. అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. బ్రేస్ వేసుకున్న పిల్లల్లో నూటికి 72 మందికి వంపు 50 డిగ్రీలకి చేరకుండానే ఎదుగుదల పూర్తయింది. వేసుకోని వాళ్లలో అలా గట్టెక్కినవాళ్లు 48 మందే. మా పాప కమ్మీ పట్టుకుని వేలాడిన ఆ ఏడాదే బ్రేస్ గురించి ఆలోచించాల్సిన సమయం. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

45, 50 డిగ్రీలు దాటాక బ్రేస్ వల్ల ఉపయోగం ఉండదు. వీపు భాగంలో వంపు 50 దాటితే, ఎదుగుదల ఆగిపోయాక కూడా ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతుంది. బాగా ముదిరితే ఊపిరితిత్తులకి చోటు చాలదు. అందుకని ఆపరేషన్ అన్నారు.

"ఏటమ్మా, ఆడగుంటకి ఈపులో ఇనప కడ్డీలు ఎయించేస్తావేటి? రేపు కాళ్లు పడిపోతే ఎవులు సూస్తారు?" అంది మా వదిన. పిల్ల మీద ప్రేమతో అన్న మాటే. సర్జన్ గారిని నేనూ అదే అడిగాను. ఆయన విసుక్కోలేదు. నరాలకి దెబ్బ తగిలే ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువని, ఇన్ఫెక్షన్ నూటికి ఒకరిద్దరికి రావచ్చని, కొందరికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుందని కాగితం మీద రాసి ఇచ్చారు. ప్రమాదమే లేదని చెప్పే చోట చేయించవద్దని కూడా అన్నారు. ఆ కాగితం చూశాకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఈ జబ్బులో వెన్నెముక పక్కకి వంగడమే కాదు, పిండిన తడిబట్టలా మెలి కూడా తిరుగుతుంది. 1960ల్లో హారింగ్టన్ అనే డాక్టరు తెచ్చిన పద్ధతిలో కడ్డీకి రెండు చివరలా కొక్కేలు తగిలించి సాగదీసేవారు. మెలి అలాగే ఉండిపోయేది, పిల్లలు నెలల తరబడి పిండికట్టుతో ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు వెన్నుపూసల్లో స్క్రూలు బిగించి, రెండు కడ్డీలతో వంపునీ మెలినీ కలిపి సరిచేస్తారు. ఎముక ముక్కలు పరిచి ఆ పూసలు ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తారు. స్క్రూ దిగే చోటుకి వెన్నుపాము ఎంత దగ్గరో బొమ్మ మీద చూపించినప్పుడు నా ఒళ్లు జలదరించింది.

అందుకే నరాల మానిటరింగ్ గురించి గట్టిగా చెప్తున్నాను. తలకి, చేతులకి, కాళ్లకి సన్నని సూదులు పెడతారు. ఆపరేషన్ జరిగినంతసేపూ మెదడు నుంచి కాళ్లకీ, కాళ్ల నుంచి మెదడుకీ సంకేతాలు సరిగ్గా అందుతున్నాయా లేదా అని ఒక నిపుణుడు ఆ ఒక్క పని మీదే కూర్చుని చూస్తాడు. సంకేతం తగ్గగానే సర్జన్‌కి చెప్తాడు. అప్పుడు బీపీ పెంచుతారు, రక్తం తగ్గిందేమో చూస్తారు, సరిచేసిన వంపుని కొంత వదులు చేస్తారు, అనుమానం ఉన్న స్క్రూ తీసేస్తారు. అలా వెంటనే చేస్తే చాలాసార్లు నరాలు తేరుకుంటాయి. మత్తు కూడా దీనికి తగ్గట్టే ఇవ్వాలి. గ్యాస్ ఎక్కువైతే సంకేతాలు మసకబారతాయి, అందుకని ఎక్కువగా రక్తనాళంలోకి ఎక్కించే మందులే వాడతారు. ఈ మానిటర్లు రాకముందు ఆపరేషన్ మధ్యలో పిల్లకి కాస్త మెలకువ తెప్పించి కాళ్లు కదపమనేవారు. అనుమానం వస్తే ఇప్పటికీ అలా చేస్తారు. కానీ చెడిన క్షణంలోనే పట్టుకోవాలంటే మానిటర్ ఉండాల్సిందే.

రక్తం సంగతి మన ప్రాంతం తల్లులు ముఖ్యంగా వినాలి. మా పాపకి హిమోగ్లోబిన్ 9.6 ఉంది. సర్జన్ గారు తొందరపడలేదు. ఐరన్ మాత్రలు వాడించి, 12 దాటాకే తేదీ ఇచ్చారు. రక్తం ఎక్కువ పోకుండా ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు ఎక్కించారు. కారిన రక్తాన్ని శుభ్రం చేసి తిరిగి ఎక్కించే యంత్రం సిద్ధంగా పెట్టుకున్నారు. పెద్ద సర్జన్లు ఇద్దరు కలిసి చేశారు. అలా చేస్తే టైమూ, రక్తనష్టమూ తగ్గుతాయట. ముందురోజు రాత్రి క్లోర్‌హెక్సిడిన్ మందుతో స్నానం చేయించారు. కోత పెట్టడానికి గంట లోపలే యాంటీబయాటిక్ ఇచ్చారు. ఇవన్నీ నేను ముందే అడిగాను, అన్నిటికీ జవాబు చెప్పారు.

వీపు పూర్తిగా నిటారుగా చేసేయమని అడిగితే మాత్రం ఆయన ఒప్పుకోలేదు. అతికించిన పూసలు ఇక వంగవు, కాబట్టి నడుము కింది పూసలు ఎన్ని వదిలేస్తే పిల్ల అంత హాయిగా వంగి లేవగలదు. పై వంపుని అతిగా లాగేస్తే భుజాలు ఎగుడుదిగుడు అవుతాయి. తల సరిగ్గా తుంటి మధ్యకి రావడం, భుజాలు సమంగా ఉండడం ముఖ్యమన్నారు. 53 ఉన్న వంపు 17కి వచ్చింది. ఆ 17 నాకు చాలు.

మర్నాడే కూర్చోబెట్టారు, ఆ సాయంత్రమే నిలబెట్టి నాలుగడుగులు వేయించారు. నొప్పికి ఒకే మందు గుప్పించకుండా రెండు మూడు రకాలు కలిపి ఇచ్చారు. వారం తిరక్కుండా ఇంటికి వచ్చేశాం, నెల దాటాక బడికి వెళ్లింది. ఆటలకి ఆరు నెలలు ఆగమన్నారు. ఇప్పుడు మళ్లీ ఖోఖో ఆడుతోంది. పెళ్లి, పిల్లల గురించి అడిగేవాళ్లకి కూడా చెప్తున్నాను. ఈ ఆపరేషన్ అయిన ఆడవాళ్లు మామూలుగానే గర్భం దాల్చి పిల్లల్ని కంటున్నారు. కాన్పు సమయంలో వెన్నులో మత్తు ఇవ్వాల్సి వస్తే డాక్టరుకి ముందే చెప్పాలి, అంతే.

కడ్డీలు లేకుండా తాడుతో సరిచేస్తామనే వీడియోలు మా పెద్దబ్బాయి ఫోన్‌లో చూపించాడు. ఆ పద్ధతికి అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది, ఎదుగుదల మిగిలి ఉన్న కొందరు పిల్లలకే పనికొస్తుంది, మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం ఎక్కువ. వీడియో చూసి నిర్ణయం తీసుకోకండి.

ఇక అధికారులకి. 18 ఏళ్ల లోపు పిల్లల్ని బళ్లకి వచ్చి చూసే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ ఆరోగ్య బృందాలు 2013 నుంచి ఉన్నాయి. వాళ్ల పనిలో ముందుకి వంగించి వీపు చూసే పరీక్షని చేర్చండి. దానికి యంత్రం అక్కర్లేదు, నిమిషం పడుతుంది. ఆడపిల్లలకి 10, 12 ఏళ్లప్పుడు, మగపిల్లలకి 13 లేదా 14 ఏళ్లప్పుడు చూడాలని అమెరికాలోని ఎముకలు, వెన్నెముక వైద్యుల సంఘాలు చెప్తున్నాయి. ఆడపిల్లల్ని ఏఎన్ఎమ్మో, మహిళా పీఈటీనో చాటుగా చూడాలి, పదిమంది ముందు నిలబెట్టి కాదు. కస్తూర్బా బడులు, గిరిజన సంక్షేమ హాస్టళ్ల నుంచి మొదలుపెట్టండి. ఆ పిల్లల వీపు వాళ్ల అమ్మలు సెలవులకి తప్ప చూడలేరు. అనుమానం ఉన్న పిల్లల్ని నిలబెట్టి వెన్నెముక ఎక్స్‌రే తీసే ఏర్పాటు విజయనగరం, శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉండాలి.

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అనే ప్రభుత్వ పథకం కింద అయినా, సొంత డబ్బుతో అయినా, ఈ ఆపరేషన్ చేసే ప్రతి చోటా నరాల మానిటరింగ్ తప్పనిసరి అని ఆరోగ్య శాఖ రాతపూర్వకంగా ఆదేశించాలి. దాని ఖర్చు విడి బిల్లుగా తల్లిదండ్రుల నెత్తిన పడకూడదు. సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో ఉండాలి. ఆపరేషన్ రోజు పొద్దున కాకుండా వారం ముందే చేతికివ్వాలి, ఇంటికి తీసుకెళ్లి నలుగురితో చదివించుకోవడానికి.

ఇట్లు,
ఒక తల్లి, లేడీస్ టైలర్,
రాజాం, విజయనగరం జిల్లా