తాళమూ కాదు, సరుకూ కాదు, పీపా అసలే కాదు

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది. సాకులు చెప్పను, క్షమించెయ్. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది, బాబిగాడి పరీక్షలయ్యాయి, నువ్వడిగిన సున్నుండలు మీ చెల్లెలి చేతికిచ్చి పంపాను. లెక్కపెట్టుకుని తీసుకో, ఎందుకన్నానో నీకు తెలుసు. వార్తలు ఇంతే.

ఇక అసలు సంగతి. మీ తొమ్మిదో తరగతి పిల్లాడు రాసిన వాక్యం చదివినప్పట్నుంచీ నీకిది చెప్పేదాకా మనసు ఆగడం లేదు. ఇల్లు ‘లాక్, స్టాక్ అండ్ బ్యారెల్’ అమ్మేశాడు అన్నదానికి ‘తాళం, సరుకు, పీపాతో సహా అమ్మేశాడు’ అని రాశాడన్నావు కదా, వాణ్ణి ఒక్క మాట అనకు. నిఘంటువులో మొదట కనపడే అర్థాలు మూడూ సరిగ్గానే ఏరాడు పాపం. వాడికి చూపించాల్సింది నిఘంటువు కాదురా, తుపాకీ. ఇప్పటిది కాదు, చెకుముకి రాయితో పేలే పాతకాలపుది. ఆ ఒక్క తుపాకీలోంచి ఇంగ్లీషులోకి ఎన్ని జాతీయాలు రాలిపడ్డాయో చూస్తే నువ్వు పాఠం ఆపేసి ఇదే చెబుతావు.

బ్రిటిష్ సైన్యం వాడిన మస్కెట్ అనే పొడుగు తుపాకీని తీసుకుందాం, ‘బ్రౌన్ బెస్’ అని ముద్దుపేరున్నది. విడదీస్తే మూడు ముక్కలు. ఇనప గొట్టం బ్యారెల్, లోపలి వెడల్పు ముప్పావు అంగుళం. గొట్టాన్ని మోసే చెక్క, భుజానికి ఆన్చే మడమతో సహా, స్టాక్. అది వాల్‌నట్ కర్రతో చేసేవాళ్ళు. గొట్టం వెనక కొసన, కుడిపక్క, రెండు మరలతో బిగించే నిప్పు యంత్రం లాక్. దాంట్లో స్ప్రింగులు, కొక్కేలు, గాట్లు పడిన బిళ్ళ ఉంటాయి. తలుపు తాళం విప్పి చూసినవాడికి ఆ పేరు వింతగా అనిపించదు.

ఈ మూడూ ఒక చేతి పని కాదు, గమనించు. గొట్టం సాగగొట్టేవాడు వేరు, లాక్ చేసేవాడు వేరు, చెక్క మలిచేవాడు వేరు. బ్రిటిష్ ప్రభుత్వపు ‘బోర్డ్ ఆఫ్ ఆర్డ్‌నెన్స్’ విడిభాగాల్ని విడివిడిగా కంట్రాక్టర్ల దగ్గర కొని, లండన్ టవర్‌లో నిలవ పెట్టి, తర్వాత జతచేయించేది. అంచేత మూడూ అన్నావంటే తుపాకీలో ఇక మిగిలిందేమీ లేదు. ‘మొత్తానికి మొత్తం’ అన్న అర్థం అక్కణ్ణుంచి వచ్చింది. 1817లో స్కాట్లండ్ రచయిత వాల్టర్ స్కాట్ ఒక ఉత్తరంలో, అక్కడి కొండసీమ హైలండ్ వాడి తుపాకీ బాగుపడాలంటే స్టాకూ లాకూ బ్యారెలూ కావాలి అన్న ధోరణిలో రాశాడు. ఆ మూడూ మారిస్తే ఇక పాతది ఏం మిగిలినట్టు? అదీ చమత్కారం.

పిల్లాడికి తెలుగు ఏం చెప్పాలంటావా? ఇల్లు ఖాళీ చేసి పోయాడంటే ‘తట్టాబుట్టా సర్దుకుని’ చక్కగా సరిపోతుంది. కానీ అమ్మకానికి అది కుదరదు, తట్టాబుట్టా మనతో వచ్చేవి కదా. అక్కడ ‘చీపురుపుల్ల కూడా మిగల్చకుండా అమ్మేశాడు’ అనిపించు. ‘ఆమూలాగ్రం’ అనిపించకు, అది చదవడానికీ పరిశీలించడానికీ పనికొస్తుంది గానీ ఇల్లు అమ్మడానికి కాదు.

అన్నట్టు ఈ తుపాకీ మనకు పరాయిది కాదు. మొదట్లో దీని గొట్టం 46 అంగుళాలు. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల కోసం పొట్టిగా, చవగ్గా 39 అంగుళాల రకం చేయించుకుంది. ఫ్రాన్సుతో యుద్ధంలో తుపాకులు చాలక 1797లో బ్రిటిష్ ప్రభుత్వమే ఆ రకాన్ని తీసుకుంది. అందుకే దాని పేరు ‘ఇండియా ప్యాటర్న్’.

ఇప్పుడు పేల్చడం. ఇది వరసగా చదువు, ఎందుకంటే ఏ మెట్టు దగ్గర తప్పుతుందో ఆ మెట్టు దగ్గరే ఒక జాతీయం పుట్టింది.

లాక్ మీద పైకి కనిపించే వంకర కొక్కేన్ని ‘కాక్’ అంటారు, అంటే కోడిపుంజే. మెడ సాచి పొడవబోయే పుంజులా ఉంటుంది, దాని ముక్కులో చెకుముకి రాయిని తోలు ముక్క చుట్టి బిగిస్తారు. జర్మన్లదీ అదే చూపు, వాళ్ళూ పుంజు అనే అన్నారు. హిందీ వాళ్ళకి మాత్రం అది గుర్రంలా కనపడింది, ‘ఘోడా’ అన్నారు.

ఆ పుంజుని సగం వెనక్కి లాగితే ‘టక్’మని ఒకచోట ఆగుతుంది. అది ‘హాఫ్ కాక్’. లోపల టంబ్లర్ అనే బిళ్ళకి రెండు గాట్లుంటాయి. మొదటిది లోతైనది. సియర్ అనే కొక్కెం కొస అందులో దూరి కూర్చుంటే మీట ఎంత నొక్కినా బయటికి రాదు. రెండోది లోతు తక్కువ, అది పూర్తిగా లాగినప్పటిది, మీట నొక్కగానే జారిపోతుంది. మందు దట్టించేదంతా మొదటి గాటు మీద ఉంచి చెయ్యాలి.

మందూ గుండూ చుట్టిన కాగితపు గుళికని పళ్ళతో చింపి, చిటికెడు మందు లాక్ పక్కనున్న పాన్‌లో పొయ్యాలి. పాన్ అంటే మీ పిల్లలు పెనం అనుకుంటారు. ఇది బొటనవేలు మోపినంత గుంట, దొప్పలాంటిది. దాని మీద ఉక్కు రెక్క మూస్తారు, దాన్ని ఫ్రిజన్ అంటారు. తర్వాత మడమ నేలకి ఆన్చి, మిగతా మందు, గుండు, కాగితం గొట్టంలో వేసి కడ్డీతో దట్టించి, కడ్డీ తీసి దాని చోట్లో పెట్టి, అప్పుడు పుంజుని పూర్తిగా లాగి, ఎత్తి, నొక్కాలి. తర్ఫీదైన సిపాయి నిమిషానికి మూడుసార్లు చేసేవాడు.

ఇప్పుడు ఆలోచించు. పాన్‌లో మందు ముందే పోశాడు. సియర్ కొస అరిగిపోయో, గాటు అంచు విరిగిపోయో ఉంటే, దట్టిస్తుండగానే పుంజు జారి పడుతుంది. గుండు, కడ్డీ, ఒక్కోసారి చేతివేళ్ళు కూడా పోతాయి. అదీ ‘గోయింగ్ ఆఫ్ హాఫ్ కాక్‌డ్’. సన్నాహం పూర్తికాకుండానే పేలిపోవడం. మన ‘ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం’ దగ్గరగానే ఉంటుంది గానీ అది ఆశకి సంబంధించింది. ఇందులో ప్రమాదం ఉంది, పక్కవాడికి దెబ్బ తగలడం ఉంది. వివరాలు తెలుసుకోకుండా మీటింగులో లేచి అరిచేవాడి సంగతి. నేను పేరు రాయను, నువ్వూ అనకు.

మీట నొక్కాక ఏం జరుగుతుంది? రాయి ఉక్కు రెక్కని గీరుతుంది. ఆ గీతలో లేచిన ఉక్కు పొట్టే మండి నిప్పురవ్వలౌతుంది, రాయి కాదు మండేది. అదే దెబ్బకి రెక్క తెరుచుకుని రవ్వలు పాన్‌లో పడతాయి, భగ్గుమంటుంది. ఆ మంట గొట్టం పక్కనున్న సన్నటి బెజ్జంలోంచి లోపలికి పోయి అసలు మందుని అంటించాలి.

పోకపోతే? వెలుగు వస్తుంది, పొగ వస్తుంది, కనుబొమలు కమురుతాయి, గుండు మాత్రం కదలదు. అదీ ‘ఫ్లాష్ ఇన్ ది పాన్’! రమణా, ఇది రాస్తుంటేనే నాకు ఒళ్ళు పులకరిస్తోంది, మాటలోనే యంత్రమంతా ఉంది చూడు. ఎందుకు పోదంటే, ఆ నల్లమందు కాలితే బరువులో సగానికి పైగా మసీ లవణాలుగా మిగిలిపోతుంది. అది తేమ పీల్చి ముద్దై బెజ్జాన్ని పూడ్చేస్తుంది. అందుకే సిపాయిలు సన్నటి సూదీ చిన్న బ్రష్షూ గొలుసుకి కట్టి వేలాడేసుకునేవాళ్ళు.

దీని గురించి ఒక తప్పు కథ బాగా ప్రచారంలో ఉంది. కాలిఫోర్నియాలో బంగారం కోసం ఇసుక జల్లించే పళ్ళెంలో తళుక్కుమన్నదే ఇది అంటారు. ఆ వేట 1849 ప్రాంతంది. ఎల్కానా సెటిల్ అనే ఆయన డ్రైడెన్ అనే ఇంగ్లీషు కవిని వెక్కిరిస్తూ 1687లోనే ఫిరంగులు పాన్‌లో భగ్గుమనడం గురించి రాశాడు. నూటఅరవై ఏళ్ళ తేడా. మీ పిల్లలకి ఇది తప్పక చెప్పు. కథ ఎంత ముచ్చటగా ఉన్నా తారీఖు అడగడం అలవాటు కావాలి.

తెలుగులో దీనికి రెండు మాటలు కావాలి. తుపాకీ దగ్గర నిలబడి చెబితే ‘తుస్సుమంది’. దీపావళి బాంబు వత్తి చరచరా కాలి లోపలికి అంటుకోకపోతే అనేది అదే కదా, పిల్లలు క్షణంలో పట్టుకుంటారు. కానీ ఇవాళ ఇంగ్లీషువాడు దాన్ని ఒకసారి మెరిసి మళ్ళీ కనపడని విజయానికి వాడుతున్నాడు. దానికి ‘మూన్నాళ్ళ ముచ్చట’ నప్పుతుంది, ‘మఖలో పుట్టి పుబ్బలో మాడింది’ ఇంకా నప్పుతుంది.

ఆ బాంబు ఉదాహరణే ఇంకో దానికీ పనికొస్తుంది. పాన్‌లో మంట లేచింది, బెజ్జం సగం పూడింది, నిప్పు పాక్కుంటూ పోయి కాస్త ఆగి పేలింది. అది ‘హ్యాంగ్ ఫైర్’. ఇప్పుడు నిర్ణయం నాన్చడానికి వాడతారు. తుపాకీ దగ్గర ఇదే అన్నిటికంటే చెడ్డది, పేలలేదని గొట్టంలోకి తొంగిచూసినవాడి ప్రాణం పోతుంది. గొట్టాన్ని అటే తిప్పి ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి. మన వీధిలో తుస్సుమన్న బాంబుని వంగి చూడొద్దని పెద్దవాళ్ళు కేకలేసేది ఇందుకే. వీలైతే పిల్లలకి ఈ ముక్క దీపావళి ముందే చెప్పు, జాతీయం వచ్చినా రాకపోయినా కళ్ళు దక్కుతాయి.

మందు సంగతి మర్చిపోయాను. సూరేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. ఆ సూరేకారం చాలామటుకు కంపెనీ పాట్నా నుంచి ఓడల్లో తీసుకెళ్ళిందే. తడిస్తే పనికిరాదు, అందుకే ‘కీప్ యువర్ పౌడర్ డ్రై’, అంటే ఎప్పుడూ సిద్ధంగా ఉండమని. ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ అన్నాడంటారు గానీ ఆ మాట ఆయన నోట పెట్టింది 1834లో విలియం బ్లాకర్ అచ్చేసిన పద్యం. మళ్ళీ తారీఖే!

‘బైట్ ది బుల్లెట్’ కూడా ఈ గుళికలు కొరకడం నుంచే, 1857 సిపాయిల తిరుగుబాటు నుంచే వచ్చిందని మీ స్టాఫ్‌రూమ్‌లో ఎవరో అన్నారని రాశావు. కాదు. గ్రోజ్ అనే ఆయన వేసిన వాడుకమాటల ఇంగ్లీషు నిఘంటువు 1796 ముద్రణలోనే ఉంది, కొరడా దెబ్బలు తినే సిపాయి అరవకూడదన్న పట్టుదలతో సీసపు గుండు నమిలేవాడని. దీనికి నువ్వు తెలుగు వెతుక్కోనక్కర్లేదు. ‘పంటి బిగువున భరించాడు’. గుండు లేదు, పన్ను ఉంది, అరుపు మింగడం ఉంది. రెండు భాషలూ ఎవరికి వారే ఒకే దవడ దగ్గరికి చేరాయి చూడు, నాకైతే ఇది ఎంత గొప్పగా అనిపించిందో...

బోర్డు మీద మూడు ముక్కలూ విడివిడిగా గీయించు, తర్వాత కలిపించు. మన తుపాకి రాముడి కట్టె తుపాకీ కూడా పక్కన గీయించు. స్టాక్ ఉంటుంది, బ్యారెల్ ఉంటుంది, లాక్ ఒక్కటే ఉండదు. అది కనిపెట్టినవాడికి నా తరఫున ఒక సున్నుండ. ఒక్కటే, రైల్లో జరిగినట్టు కాదు.

రాంరాడ్‌లా నిటారుగా అనే మాట గురించి కూడా రాయాలి, ఆ దట్టించే కడ్డీ మొదట్లో కర్రది, తర్వాత ఉక్కుది చేశారు, ఎందుకంటే... అదిగో, ఎదురుగా తపాలా డబ్బా తీయడానికి వచ్చేశాడు. వాడు తిప్పుతున్నది మాత్రం నిజంగా తాళమే. పరిగెత్తాలి.

నీ
సుబ్బు