పిల్లలకు ముందు కుడిచేయి నేర్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

వేసవి శిక్షణ తరగతుల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాను. వరంగల్, హనుమకొండ పిల్లలు గిటార్ పట్టుకుంటున్నారంటే నాకు చాలా సంతోషం. కానీ కథనం నిండా ‘నెలలో పాటలు’, ‘ఫాస్ట్ సోలో’ (ఒక్కరే వేగంగా వాయించే ముక్క) అన్న మాటలే ఉన్నాయి. తాళం పట్టే కుడిచేతి గురించి ఒక్క వాక్యం కూడా లేదు. అందుకే రాస్తున్నాను.

నేను కాజీపేటలో రైల్వే ఎలక్ట్రీషియన్‌ని. డ్యూటీ లేని సాయంత్రాలు మా క్వార్టర్ల పిల్లలకు గిటార్ నేర్పుతాను, ఫీజు తీసుకోను. మా దగ్గర పాఠ్యపుస్తకం ఒకే ఒక ఆల్బమ్. ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ ఏసీ/డీసీ 1980 జులైలో విడుదల చేసిన ‘బ్యాక్ ఇన్ బ్లాక్’. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే వాళ్ల గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. కొత్త గాయకుడు బ్రయాన్ జాన్సన్‌తో బహామాస్ దీవుల్లోని నసావులో రికార్డు చేశారు. అట్ట నల్లగా ఉండటానికి కారణం ఆ సంతాపమే. మొత్తం పది పాటలు.

టైటిల్ పాట రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస) తీసుకోండి. ఈ (E), డీ (D), ఏ (A) కార్డులు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి. మూడూ మెడ మొదట్లో పట్టుకునే, కొన్ని తీగలు నొక్కకుండా వదిలేసే ఓపెన్ కార్డులే, కొత్త పిల్లలు కూడా తొందరగానే పట్టుకుంటారు. కష్టమంతా ఆపడంలో ఉంది. E కార్డు కొట్టగానే ఆపాలి. వెనక డ్రమ్ ఒక్కటే నడుస్తుంటుంది. తర్వాత డీ, మళ్లీ ఆపు. తర్వాత ఏ. ఓపెన్ తీగలు మోగుతున్నప్పుడు ఎడమచేతి వేళ్లు ఎత్తేసినా శబ్దం ఆగదు. కుడి అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర సరిగ్గా ఆ క్షణానికి తీగల మీద పడాలి. కొంచెం ముందు పడితే కార్డు చచ్చిపోతుంది, ఆలస్యమైతే ఖాళీ మాసిపోతుంది. డప్పు దరువులో దెబ్బకూ దెబ్బకూ మధ్య వదిలే జాగా ఎలాంటిదో మన ఊళ్లలో పుట్టినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఇదీ అంతే. మా పిల్లలు మొదట కార్డు కూడా పట్టుకోకుండా, ఎడమచేత్తో తీగలు మూసి, కాలితో తాళం వేస్తూ ఉత్త చప్పుడే కొడతారు. “అన్నా, ఇంకా ఈ టకటక కొట్టుడేనా, పాట ఎప్పుడొస్తది?” అని తల్లులు అడుగుతారు. ఆ టకటక కుదిరితే పాట దానంతటదే వస్తుందమ్మా అంటాను.

ఈ బ్యాండ్‌లో స్కూల్ యూనిఫాం వేసుకుని గెంతుతూ సోలోలు వాయించే ఆంగస్ యంగ్‌నే అందరూ చూస్తారు. నా పిల్లలకు నేను ముందు వినమనేది ఆంగస్ అన్న మాల్కమ్ యంగ్‌ని. తాళానికి కార్డులు కొట్టే రిథమ్ గిటార్ మాల్కమ్‌ది. తన గ్రెచ్ కంపెనీ గిటార్‌కు మెడ వైపు పికప్ (తీగల శబ్దం పట్టే భాగం) తీసేసి బ్రిడ్జి దగ్గరిది ఒక్కటే ఉంచుకున్నాడు. లావు తీగలు వేసేవాడు. శబ్దం గరగరలాడేలా చేసే డిస్టార్షన్ తక్కువ పెట్టి చేత్తో గట్టిగా కొట్టేవాడు. మన దగ్గర పిల్లలు చేసేది దీనికి పూర్తిగా తలకిందులు: యాంప్‌లో (శబ్దం పెంచే పెట్టె) గెయిన్ (డిస్టార్షన్ పెంచే మీట) చివరిదాకా తిప్పి చేతిని మాత్రం మెత్తగా ఆడిస్తారు. గెయిన్ ఎక్కువైతే తప్పులు కూడా ఆ రొదలో దాక్కుంటాయి, కార్డులోని స్వరాలు ఒకదానితో ఒకటి గీసుకుంటాయి. షడ్జమం, పంచమం మాత్రమే ఉన్న పవర్ కార్డు ఆ రొదను తట్టుకుంటుంది, గాంధారం చేరితే బురదవుతుంది. గెయిన్ సగానికి దించితే ఓపెన్ కార్డులో ప్రతి తీగా విడిగా వినిపిస్తుంది. ఎవరి చేయి తడబడుతోందో కూడా వెంటనే తెలిసిపోతుంది.

ఇక సోలోలు. ఆంగస్ వాటికి ఆధారం ఎక్కువగా ఐదు స్వరాల పెంటటోనిక్ స్కేలే. E స్వరాన్ని షడ్జమం అనుకుంటే E, G, A, B, D అంటే స గ మ ప ని, మన శుద్ధ ధన్యాసి రాగం స్వరస్థానాలే. మా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఆ ఐదు స్వరాలు మెడ మీద ఎక్కడున్నాయో మగపిల్లల కన్నా ముందు ఆమే పట్టేసింది. తీగ బెండ్ చేసేటప్పుడు, అంటే పక్కకు నెట్టి స్వరం పెంచేటప్పుడు, ఒక్క వేలితో నెట్టొద్దు. ఉంగరం వేలి వెనక మరో రెండు వేళ్లు ఆనించి మణికట్టు తిప్పాలి. నెట్టే ముందు రెండు ఫ్రెట్లు (మెడ మీది అడ్డపట్టీలు) పైన ఉన్న స్వరం వాయించి వినాలి, తర్వాత నెట్టి అక్కడికే చేరాలి. ఇదే ఆల్బమ్‌లోని ‘హెల్స్ బెల్స్’ మొదట్లో గంట మోగాక వచ్చే నెమ్మది రిఫ్ తీగ తీగకూ పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) కదిలించడానికి మంచి సాధన.

ఈ పాటల మాటల్లో కొన్ని పిల్లలకు తగవు, తల్లిదండ్రుల అభ్యంతరం న్యాయమే. మేం పాడం, చేతులే వింటాం. ఇంకో ఇబ్బంది చప్పుడు. నైట్ డ్యూటీ చేసినవాళ్లు పగలు పడుకుంటారు, క్వార్టర్ల గోడలు పలచన. ఎలక్ట్రిక్ గిటార్‌ను యాంప్‌కు పెట్టకుండా వాయిస్తే పక్కింటికి వినపడదు, కుడిచేతి పని అలా హాయిగా చేసుకోవచ్చు.

శిబిరాలు నడిపేవారికి నా మనవి ఒక్కటే. మొదటి పదిహేను రోజులు సోలో జోలికి పోకండి. పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరు రిథమ్ పట్టుకుంటే ఇంకొకరు పైన వాయించేలా చేయండి, మర్నాడు చోటు మార్చండి. చివరి రోజు వేదిక మీద వేగానికి బహుమతి ఇచ్చినట్టే తాళం తప్పనివారికీ ఇవ్వండి.

మీ ఆదివారం సంచికలో వారానికి అర కాలమ్ ఇస్తే గిటార్ పాఠాలు తెలుగులో రాసిస్తాను. మా పిల్లల కోసం రాసుకున్న నోట్స్ సిద్ధంగా ఉంది. పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రైల్వే ఎలక్ట్రీషియన్,
కాజీపేట