పిండస్ పర్వత స్త్రీల శ్రమపై అధ్యయనం: సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారాలు.

యుద్ధకాలంలో సైన్యాలను నిలబెట్టిన స్త్రీల శ్రమను ఈ ఏడాది మన సంఘం అధ్యయన అంశంగా తీసుకుంది. సమావేశాల్లో సింహభాగం 1940–41 శీతకాలపు గ్రీసుకే కేటాయించాము. ఆ విషయానికి అంత సమయం ఇవ్వడం సబబేనని కార్యవర్గం నమ్ముతోంది.

1940 అక్టోబరు 28న ముస్సోలినీ పంపిన తుది హెచ్చరికను గ్రీకు ప్రధాని మెటాక్సాస్ తిరస్కరించగా, ఇటలీ సేనలు అల్బేనియా వైపు నుంచి దండెత్తాయి. వాయవ్య గ్రీసులోని పిండస్ కొండల్లోకి చొచ్చుకువచ్చిన ఇటలీ ‘జూలియా’ పర్వత దళాన్ని గ్రీకు కర్నల్ దవాకిస్ నాయకత్వంలోని కొద్దిపాటి సైన్యం ఎదుర్కొంది. బండ్లు నడిచే దారులు లేని ఆ కొండల్లో, కంచరగాడిదలు సైతం ఎక్కలేని చోట్లకు, మందుగుండు పెట్టెలనూ రొట్టెలనూ తాళ్లతో వీపుకు కట్టుకొని చేర్చినవారు అక్కడి ఎపిరస్ ప్రాంతపు పల్లె స్త్రీలు. వారు దారిలో మంచు తొలగించారు, గాయపడినవారిని కిందికి మోసుకొచ్చారు. ఏళ్ల తరబడి కట్టెల మోపులు మోసిన అలవాటే వారికి శిక్షణ అయిందన్న సంగతి చర్చల్లో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. ఎందుకంటే శాంతికాలంలో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆ చాకిరీ మీదనే అప్పుడు ఒక సైన్యం సరఫరా ఆధారపడింది.

పట్టణాల్లో స్త్రీలు సైనికుల కోసం ఉన్ని బనియన్లు, మేజోళ్లు, చేతి తొడుగులు అల్లారు. చలికి కాళ్లు కొంకర్లుపోయి, కుళ్లి, ఎందరో సైనికులు పాదాలు కోల్పోయిన యుద్ధమది కనుక, ఒక జత మేజోళ్ల విలువను తక్కువగా చూడరాదు. మరికొందరు నర్సులుగా పనిచేశారు. గాయని సోఫియా వెంబో పాటలు సైనికులకు ధైర్యమిచ్చాయి.

ఈ స్త్రీలను వీరవనితలుగా కీర్తించిన దేశంలో, పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసే హక్కు మహిళలకు 1952లో గానీ దక్కలేదు. యుద్ధం నాటికి ఉన్నది 1930లో చదువు వచ్చిన, ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలకు మాత్రమే ఇచ్చిన స్థానిక ఎన్నికల ఓటు. ఇది అన్యాయమని సభ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. మన చిత్రపటాల ప్రదర్శనలో వారి త్యాగంతోపాటు ఈ ఓటు చరిత్రనూ చేర్చాలని తీర్మానించాము.

జమాఖర్చుల పట్టిక విడిగా అందుతుంది. వచ్చే ఏడాది 1941–44లో జర్మనీ, దాని మిత్రదేశాలు గ్రీసును ఆక్రమించిన కాలంలో ప్రతిఘటన ఉద్యమంలో చేరిన గ్రీకు స్త్రీల గురించి, ముఖ్యంగా 1944లో విముక్త పర్వత ప్రాంతాల్లో ఆ ఉద్యమమే జరిపిన ఎన్నికల్లో వారు ఓటు వేసిన ఘట్టం గురించి చదవబోతున్నాము. ప్రసంగించదలచిన సభ్యులు తమ పేర్లను కార్యదర్శికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి