ఆ రెండు రోజులు నేను నడవలేదు

మల్లేశ్వరం, బెంగళూరు
శ్రావణ శుక్రవారం

చి. అమ్మడికి,
అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేం క్షేమం. పొద్దున ఎయిత్ క్రాస్‌లో పూలు ముట్టుకుంటే కాలే ధర, అయినా మీ నాన్న రెండు మూరలు ఎక్కువే తెచ్చారు. పూజ అయింది. ఆయన పులిహోర డబ్బా పట్టుకుని పక్కింటికి వెళ్లారు. ఇదే సమయమని కాగితం తీశాను. ఫోనులో చెబితే నువ్వు సగంలోనే అరుస్తావు, నేను సగంలోనే ఆపేస్తాను.

జూలైలో ఆల్ప్స్‌లో మాంట్ బ్లాంక్ కొండ చుట్టూ నడిచే యాత్రలో, ఇటలీలోని కూర్మాయర్ ఊరి నుంచి మాట్లాడిన రాత్రి "రేపు పెద్ద ఎక్కుడుంది, సిగ్నల్ ఉండదు" అన్నాను గుర్తుందా? ఆ మర్నాడు సాయంత్రం "బాగా నడిచాం, కాళ్లు కాస్త లాగుతున్నాయి" అని మెసేజ్ పెట్టాను. రెండూ అబద్ధాలే అమ్మడూ. ఆ రెండు రోజులూ నేను కొండ ఎక్కలేదు. సామాన్ల వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని, సొరంగంలోంచి స్విట్జర్లాండ్ చేరాను. మా ఆవిడ మూడు దేశాలు కాలినడకన చుట్టి వచ్చిందని మీ నాన్న వీధంతా చెబుతుంటే గొంతులో ముల్లులా ఉండేది. నిన్న రాత్రి ఆయనకు చెప్పేశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అమ్మడికి కూడా చెప్పు" అన్నారు.

ఎందుకు దాచానో నీకు తెలుసు. ఈ వయసులో ఎందుకమ్మా, మోకాళ్లు ఏమవుతాయమ్మా అని నువ్వు ముందే అన్నావు. నువ్వన్నట్టే అయింది. ఆ మాట నీ నోట మళ్లీ వినడం నాకు ఇష్టం లేకపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో మొదటినుంచీ చెబుతాను. ఆరు నెలలు సాధన చేశాననుకున్నాను. రోజూ శాంకీ చెరువు చుట్టూ నడక, ప్రతి ఆదివారం నంది కొండ. కింద నుంచి పైదాకా వెయ్యికి పైగా మెట్లు, బరువు కోసం సంచిలో మూడు నీళ్ల సీసాలు. మొదట్లో ప్రతి మలుపులో కూర్చునేదాన్ని. జూన్ వచ్చేసరికి గుడి దాకా ఆగకుండా ఎక్కేశాను. కానీ పైకి చేరాక ఏం చేసేదాన్నో తెలుసా? ఇడ్లీ తిని, బస్సెక్కి దిగేదాన్ని. ఎక్కడమే కష్టం, దిగడానికేముంది అనుకున్నాను. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆ మెట్లు దిగలేదు.

మాంట్ బ్లాంక్ అని మనం రాస్తాం కానీ అక్కడివాళ్లు మో బ్లా అంటారు, తెల్లకొండ అని. ఎత్తు 4,800 మీటర్లకు పైనే. నెత్తిన మంచు టోపీ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది గనక ఎత్తు కూడా మారుతుంది: 2021లో కొలిస్తే 4,807.81, 2023లో 4,805.59. దాని చుట్టూ తిరిగే దారి దాదాపు 170 కిలోమీటర్లు. ఫ్రాన్స్‌లో మొదలై ఇటలీ, స్విట్జర్లాండ్ దాటి మళ్లీ ఫ్రాన్స్‌కే వస్తుంది. శిఖరం ఎక్కం. కనుమ తర్వాత కనుమ ఎక్కుతాం, లోయలోకి దిగుతాం, పదకొండు రోజులు. ఎక్కుడంతా కూడితే పదివేల మీటర్లు, దిగుడూ అంతే. ఆ "దిగుడూ అంతే" అన్న మాట కాగితం మీద నాలుగుసార్లు చదివాను, తలకెక్కలేదు.

మేం ఎనిమిది మందిమి, గైడ్ ఒక అమ్మాయి, నీ ఈడుదే. మొదటి రోజు, నడక మొదలయ్యే లెజూష్ ఊరు దాటగానే నన్ను పిలిచి సరిగ్గా తన వెనక నడవమంది. నెమ్మదిగా నడిచేవాళ్లను వెనక వదిలేస్తే ముందువాళ్లు ఆగి సేద తీరుతారు, వీళ్లు వచ్చేసరికి వాళ్లు బయల్దేరతారు, వీళ్లకు విశ్రాంతే దొరకదట. అందుకే అందరికంటే నిదానమైన మనిషి గైడ్ వెనక ఉండాలి. ఆ అమ్మాయి నడక చూసి మొదట ఆశ్చర్యపోయాను. ముత్తైదువ పేరంటానికి వెళ్తున్నట్టు, అంత నిదానం. ఎక్కుతూ మాట్లాడగలిగితేనే అది సరైన వేగం అంది. మధ్యాహ్నానికల్లా ఉరుకులు పెట్టిన కుర్రాళ్లు రొప్పుతున్నారు, నేను మాత్రం ఆమెతో మన ఉగాది పచ్చడి గురించి మాట్లాడుతున్నాను.

రెండో రోజు బొనోమ్ కనుమ మీద జూలైలో కూడా మంచు మడుగులు కట్టి ఉంది. పైన ఇంకో దారి ఉంది, ఫూర్ కనుమ, 2,665 మీటర్లు. అటు వెళ్లాలని అందరికీ ఆశ. పడమట మబ్బు ముసురుకుంటుంటే ఆ పిల్ల ఒక్క నిమిషం చూసి, వద్దు, కింది దారి అంది. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. మేం షాపియు అనే పల్లె చేరి బూట్లు విప్పుతుంటే ఉరుము మొదలైంది. డబ్బిచ్చి గైడ్‌ను పెట్టుకునేది ఆ ఒక్క నిమిషం కోసమే అనిపించింది నాకు.

మూడో రోజు సేన్య్ కనుమ, 2,516 మీటర్లు. ఫ్రాన్స్ అయిపోయి ఇటలీ వచ్చేది అక్కడే. గోడ లేదు, కంచె లేదు, ఒక రాళ్ల గుట్ట అంతే. ఎదురుగా మాత్రం కొండ దక్షిణపు ముఖం, అటు మంచు తక్కువ, అంతా నల్లటి రాతి కోరలు. అమ్మమ్మ వేలు పట్టుకుని పౌర్ణమి రాత్రి అరుణాచలం చుట్టూ పద్నాలుగు కిలోమీటర్లు నడిచిన రోజు గుర్తొచ్చి చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. అప్పుడు గానీ నాకు తట్టలేదు, కొండ నా ఎడమ చేతి వైపు ఉందని! ఈ దారిని ఎక్కువమంది అలాగే నడుస్తారట, గడియారం ముల్లుకు ఎదురుగా. మనమైతే దేవుణ్ణి కుడివైపు పెట్టుకోకుండా అడుగే వెయ్యం. రాత్రి ఎలిజబెటా బసలో గైడ్‌కు ప్రదక్షిణ అంటే ఏమిటో చెప్పాను. అటు నుంచి నడిచేవాళ్లూ ఉన్నారు, దారి ఒకటే అంది. నిద్ర పట్టేదాకా నాకు అదే ఆలోచన.

ఈ కొండ ఎక్కడానికి ముందే దాని చుట్టూ తిరిగారని నీకు తెలుసా? జెనీవా శాస్త్రవేత్త సోస్యూర్ దీని శిఖరానికి దారి చూపినవారికి బహుమానం ఇస్తానన్నది 1760లో. తానే చుట్టూ తిరిగి వచ్చింది 1767లో. కొండ కిందున్న షమొనీ ఊరివాళ్లు బల్మా, డాక్టర్ పక్కార్ శిఖరం చేరింది 1786 ఆగస్టు 8న. ముందు ప్రదక్షిణే, తర్వాతే గర్భగుడి. నాకు ఇది చాలా నచ్చింది.

ఇక నాలుగో రోజు. పొద్దున ఎక్కి, మో ఫావ్ర్ గట్టు మీద 2,400 మీటర్ల పైచిలుకు ఎత్తులో నిలబడ్డాం. అక్కణ్ణుంచి కూర్మాయర్ ఊరు 1,224. అంటే ఒక్క రోజులో పన్నెండు వందల మీటర్ల దిగుడు. ఎక్కేటప్పుడు ఆయాసం గుండెది, దిగేటప్పుడు బరువంతా తొడలది. ప్రతి అడుగులో తొడ కండరం సాగుతూనే ఒంటిని పట్టి ఆపాలి. నావి ఎన్నడూ ఆ పని చెయ్యలేదు. చివరి అడవి దిగుడులో వేళ్లు పొడుచుకొచ్చినట్టు వేర్లు, జారే మట్టి. అక్కడ తొడలు వణకడం మొదలైంది. తొడలు అలిసిపోతే భారమంతా మోకాలి మీద పడుతుంది. కుడి మోకాలు లోపలివైపు సూదితో గుచ్చినట్టు అయింది. పళ్లు బిగించి దిగాను, ఎవరికీ చెప్పలేదు. ఊళ్లోకి వచ్చాక మూడు మెట్లున్న ఒక అరుగు దగ్గర కాలు మడవలేక వెనక్కి తిరిగి, పాకే పిల్లలా దిగాను. గైడ్ చూసింది.

రాత్రి నన్ను మంచం మీద కూర్చోబెట్టి చిప్ప చుట్టూ బొటనవేలితో నొక్కుతూ పోయింది. ఒకచోట నేను అమ్మా అన్నాను. అరచెయ్యి దాని మీద పెట్టి, ఇంకో మోకాలి మీద రెండో చెయ్యి పెట్టి, వేడి తేడా నన్నే చూడమంది. కుడిది కాలిపోతోంది. రెండు రోజులు ఆగితే మిగతా అయిదు రోజులు నడవగలవు, రేపు నడిస్తే ఇంటికి వెళ్తావు అంది. అంతే, ఓదార్పు మాటలేవీ లేవు. అప్పుడే నీ ఫోను వచ్చింది.

వ్యాను అవోస్టా మీదుగా తిరిగి, గ్రాండ్ సెయింట్ బెర్నార్డ్ సొరంగంలో దూరింది. 1964లో తెరిచారు, దాదాపు ఆరు కిలోమీటర్లు. లోపల పసుపు దీపాలు, వెనక మా ఎనిమిది మంది బ్యాగులు ఒకదాన్నొకటి ఆనుకుని ఊగుతున్నాయి. నేనూ ఒక బ్యాగునే అనిపించింది. డ్రైవరు ఏదో అడిగాడు, భాష తెలియక కందిపొడి డబ్బాతోపాటు తెచ్చుకున్న వేరుశనగ చిక్కీ చేతిలో పెట్టాను.

లా ఫూలీ అనే స్విస్ పల్లెలో రెండు రాత్రులు. ఎదురుగా మంచుగోడ, మెడలో గంటలతో ఆవులు. స్విట్జర్లాండ్‌లో దారి పలకలు పసుపు రంగువి, వాటి మీద కిలోమీటర్లు ఉండవు, ఎన్ని గంటల నడకో ఉంటుంది. కూతవేటు అని మన పెద్దవాళ్లు దూరాన్ని ఒంటితో కొలిచినట్టే. ఫెరే కనుమకు బాణం చూపే పలక కింద రెండో రోజు మధ్యాహ్నం నుంచీ నిలబడ్డాను. మావాళ్లు కనుమ దాటి, 2,537 మీటర్ల నుంచి దిగి వస్తారు. సాయంత్రం ఆ పిల్ల ఎర్ర టోపీ ముందు కనిపించింది. దాని వెనక నా చోటు. ఆ చోటు ఖాళీగానే ఉంచి నడిచారు అమ్మడూ, ఒక అడుగు ఎడం వదిలి. ఏడ్చేశాను.

తర్వాత అయిదు రోజులూ నడిచాను, ఇది మాత్రం నిజం. షాంపే అనే చెరువు ఊరు 1,466 మీటర్ల ఎత్తున ఉంది, మన నంది కొండ నెత్తి 1,478. అంత చలి ఊరు మన నంది కంటే కిందే ఉందంటే మీ నాన్న నమ్మలేదు. పదో రోజు ఇనుప నిచ్చెనల దారి వద్దని గైడ్ నన్ను చుట్టుదారిన పంపింది. అదీ నడకే.

చివరి రోజు బ్రెవాం అనే శిఖరం మీద నిలబడితే లోయకు అవతల కొండ మొత్తం కనిపిస్తుంది. దాని ఒడిలోంచి బొస్సోన్ హిమానీనదం, అంటే మెల్లగా జారే మంచు నది, షమొనీ లోయ నెత్తి దాకా వేలాడుతూ ఉంటుంది. మన ఎయిర్ ఇండియా విమానాలు రెండు ఆ కొండకే కొట్టుకున్నాయి. 1950 నవంబరు 3న మలబార్ ప్రిన్సెస్, 48 మంది. 1966 జనవరి 24న ఇంకొకటి, 117 మంది, అందులో అణు శాస్త్రవేత్త హోమీ భాభా. నాన్నా నేనూ రోజూ పక్కగా నడిచే టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనే (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన పనిచేశారు, 1945లో తన పరిశోధన సంస్థకు అక్కడే అంకురం వేశారు. ఆ రెండు విమానాల్లోనూ ఎవరూ బతకలేదు. మంచు అన్నీ లోపల దాచుకుని, ఏడాదికింత చొప్పున కిందికి మోసుకొస్తోంది. 2012లో ఉత్తరాల సంచి, 2013లో రత్నాల పెట్టె, 2020లో ఇందిరాగాంధీ ప్రధాని అవుతున్నారన్న వార్త ఉన్న పత్రికలు. ఆ మంచు వైపు చూస్తూ వాళ్లకు దండం పెట్టుకున్నాను. ఎవరి పిల్లలో, ఎవరి తల్లులో.

అక్కణ్ణుంచి లెజూష్‌కు పదిహేను వందల మీటర్ల దిగుడు. మోకాలికి పట్టీ, చేతుల్లో రెండు కర్రలు. ముందు కర్రలు, తర్వాత కాలు, నిటారు చోట పక్కకు తిరిగి అడ్డంగా అడుగులు. పొద్దు వాలుతుండగా చేరాం.

ఇప్పుడు అసలు సంగతి. కూర్మాయర్‌కూ లా ఫూలీకీ మధ్య రెండు రోజుల దారి, ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, నాకు బాకీ ఉంది. అది నీతో నడవాలని ఉంది. లా ఫూలీలో మొదలుపెట్టి కనుమ ఎక్కి ఇటలీలోకి దిగుదాం. అప్పుడు కొండ మన కుడివైపు ఉంటుంది. ఆ రెండు దిగుళ్లూ నువ్వు ముందు దిగు, నేను నీ వెనకే ఉంటాను. వచ్చే జూలైకి సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకో, వీసా సంగతి నాన్న చూస్తారు. కొండల్లో రక్షణకు కూడా వర్తించే బీమా తీసుకోమని చెప్పాను.

నేను మొదలుపెట్టాను. గత మూడు ఆదివారాలు నంది కొండకు బస్సులో ఎక్కి, మెట్ల మీదుగా నడిచి దిగాను. మొదటి వారం తొడల నొప్పికి రెండు రోజులు గోడ పట్టుకుని నడిచాను, మొన్న ఒక్క పూటే.

నీ బూటు సైజు రాసి పంపు. మామూలుగా వేసుకునేదానికంటే అర సైజు పెద్దది కావాలి, దిగేటప్పుడు వేళ్లు ముందుకు వెళ్లి తగులుతాయి. నా కుడి బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది.

అమ్మ