డాక్టరు, నర్సు చదువులో కలవరా?

సంపాదకులకు నమస్కారం.

మన రాష్ట్రంలో ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ కాలేజీలు చాలావరకు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోవే. అయినా ఈ విద్యార్థులు కలిసి చదివేది తక్కువ, డ్యూటీలో చేరాకే ఎదురుపడతారు.

పక్షవాతంతో మా నాన్నగారిని ఓ ఆసుపత్రిలో చేర్పించాం. నోటితో ఏమీ పెట్టొద్దని డాక్టరు కేసు షీటులో రాశారు. షిఫ్టు మారింది. కొత్తగా వచ్చిన నర్సుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. జావ పట్టమంది, రెండో స్పూనుకే పొలమారింది. ఆమెను అని ఏం లాభం?

వైద్య వృత్తులవాళ్లు కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. ఒక పక్షవాతం కేసు ఇచ్చి, మూడు కోర్సుల వాళ్లనూ వారానికో పూట కూర్చోబెట్టండి. దానికి మార్కులూ పెట్టండి, లేకపోతే మన పిల్లలు ఎగ్గొడతారు.

– ఒక పాఠకుడు, గుంటూరు