లావోస్‌లోని షియెంగ్ ఖ్వాంగ్‌లో పేలని బాంబులు తొలగించే ఆ అమ్మకు

క్లస్టర్ బాంబుల ఒప్పందం 4వ అధికరణం దౌత్యవేత్తలకు కంఠస్థమే: తొలగింపుకు పదేళ్ళ గడువు. లావోస్‌కు అవెందుకు చాలవో చూపింది మాత్రం మీరు.

భోజన విరామం వదులుకుని, శిక్షణ గడిలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. డిటెక్టర్ కూసిన చోట పైనుంచి కాకుండా పక్కనుంచి, కొంచెం కొంచెంగా మన్ను తీశారు. తుప్పు రేకు. ఇంకో కూత, ఇంకో రేకు. ఆ తర్వాత, మందు తీసేసిన నమూనా బాంబీ (క్లస్టర్ బాంబులోంచి చెదిరిపడే చిన్న బాంబు): టెన్నిస్ బంతంత, అసలుదాంట్లో సుమారు 300 ఉక్కు గుళ్ళు. అసలుదాని ఫ్యూజు (పేల్చే భాగం) ఏ స్థితిలో ఉందో తెలీదు కాబట్టి కదపరు, ఉన్నచోటే పేల్చేస్తారు.

దుబాసీ తడబడితే పుల్లతో మట్టిలో బొమ్మ గీసి మరీ చెప్పారు. నివేదికల్లో హెక్టార్ల లెక్కే గానీ ఈ రేకుల లెక్క కనిపించదు.

మీ అన్నం చల్లారిపోయింది, మన్నించండి. ఆ ఓపికకు నమస్కారం తల్లీ.